పాపిడి చెదరకముందే

కలిదిండి పొలిమేరలో నిలిచి నలుదిక్కులు పరికించినవానికి తాటితోపును మించిన ఎత్తు ప్రకృతిసిద్ధమైనది ఒక్కటియు కంటబడదు. ఉత్తరమున కొల్లేరు, తూర్పున ఉప్పుటేరు, నడుమ అద్దములు పరచినట్లు చేపల చెరువులు, గట్లమీద కొబ్బరిచెట్లు, వానికి పైన సెల్‌టవర్లును మంచినీటి ట్యాంకులును. ఇంతకు మించి ఆకాశమును తాకబోవు వస్తువు మాకు లేదు. కృష్ణా గోదావరులు యుగయుగములుగా మోసికొనివచ్చి పరచిన ఒండ్రుమీద కాపురమున్నవారము గనుక, మా చేలలో ఎక్కడైన ఒక గులకరాయి దొరికినచో అది బండిమీదనో లారీమీదనో వచ్చినదే యని పిల్లలు సైతము చెప్పగలరు. ఇట్టి ఊరివాడు కొండల పేర్లను గూర్చి పత్రికకు వ్రాయబూనుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. ఐనను ఈ పల్లపు నేలకును ఎక్కడనో కంటికానని కొండలకును గల బాకీ వ్యవహారము చిన్నది కాదు. అందులో ఇంతవరకు ఎవరును లెక్కకు తీసికొనని పద్దు ఒకటి మిగిలియున్నది.

తెలుగునాట మనుష్యశరీరమును బట్టి పేరొందిన కొండలలో మొదట స్మరింపదగినవి పాపికొండలు. భద్రాచలము దాటి, కూనవరమువద్ద శబరిని కలుపుకొని, తూర్పు కనుమలను ఒరసికొనుచు గోదావరి పోలవరమువైపు దిగివచ్చు దారిలో, ఇరుప్రక్కల దట్టమైన అడవితో నల్లబడిన కొండలు నీటి అంచుదాక వ్రాలి, నడుమ సన్నని వెలుగుచాలు మాత్రమే మిగిల్చిన ఆ చోటు, నూనెరాచి దువ్వి రెండుపాయలుగా తీర్చిన స్త్రీ శిరోజముల నడిమి పాపిడివలె కనబడుటచేత పూర్వులు వానిని పాపిడికొండలనిరి. వాడుకలో అవి పాపికొండలైనవి. పెండ్లికూతురి నుదుటిపైకి వ్రేలాడు పాపిటబిళ్ళను, ముత్తైదువ పాపిట దిద్దుకొను కుంకుమను, తొలిచూలాలికి జరుపు సీమంతమును ఎరిగిన సంఘము గనుకనే ఒక మహానదిని పాపిడిగా చూడగల చనువు దానికి కలిగినది. అదే కొండలను ఆంగ్లేయుల దస్తావేజులు బైసన్ కొండలని వ్యవహరించినవి. ఆ అడవులలో దున్నలు ఉన్న మాట నిజమే గాని, తుపాకి పట్టినవాని కంటికిని పడవ నడుపువాని కంటికిని గల అంతరము ఈ రెండు పేర్లలోనే తెల్లమగుచున్నది.

పాపిడి అను పోలిక గట్టుమీద కూర్చున్నవానికి తట్టినది కాదని నా నమ్మకము. కొండనెక్కి చూచినవానికి నది క్రిందుగా మెలికలు తిరిగిన త్రోవవలె నుండును. దూరపు బాటనుండి చూచినవానికి నీలపు వరుసలే తప్ప నడిమి చీలిక తోచనే తోచదు. లాంచీ ముంగిట, సరంగు ప్రక్కన నిలిచి, ఎదుట కొండకు కొండ అడ్డుపడి ఇంక దారిలేదని అనుకొనుచుండగా, పడవ మెల్లగా మలుపు తిరిగి, ఆ రెండు కొండలును ఒకదానినొకటి వీడి, నడుమ నీటిగీత పైనుండి క్రిందికి తిన్నగా తెరచుకొనుట చూచినవానికే ఆ మాట నోటికి వచ్చును. వెదురుకట్టలను తెప్పలుగా కట్టి దిగువకు తోలినవారు, చింతపండును కుంకుళ్ళను సంతలకు చేరవేసినవారు, భద్రాద్రి రాముని కల్యాణమునకు పడవలమీద ఎదురేగినవారు, వీరి కన్నులలో పుట్టిన పేరది. 1973లో బాపు 'అందాల రాముడు' తీసినప్పుడు కథ యంతయు పడవమీదనే నడిపించుట ఊరకనే జరుగలేదు. ఆ దారి అందము నడచువానికి దక్కునది కాదు, తేలువానికి దక్కునది.

తెలుగువారు కొండలకు జంతువుల పేర్లు పెట్టినంతగా మనుష్యుని అవయవముల పేర్లు పెట్టలేదు. గుర్రంకొండ కలదు, నందికొండ కలదు. మంగళగిరి ఎటునుండి చూచినను పరుండిన ఏనుగువలె నుండునని ప్రసిద్ధి. మాకు దగ్గరనున్న ద్వారకా తిరుమల కొండయే అనంతుని ఆకారమనియు, పడగమీద మల్లికార్జునుడును తోకమీద వేంకటేశ్వరుడును నెలకొనిరనియు స్థలపురాణము. ఐతే ఈ రెండుచోట్లను, వెలుపల జంతువుగా కనబడిన కొండ లోపలికి పోయిన కొలది మనుష్యాకృతికి దగ్గరగుట వింతగా నుండును. ద్వారకా తిరుమలలో స్వయంభూమూర్తి వక్షఃస్థలము వరకే దర్శనమిచ్చును. పాదములు పుట్టలోనే యున్నవని భక్తుల విశ్వాసము. మంగళగిరి పానకాల నరసింహునకు విగ్రహమే లేదు. కొండరాతిలో తెరచుకొని యున్న నోరు మాత్రమే కలదు, ఆ నోట భక్తులు బెల్లపుపానకము పోయుదురు. ఇక విజయనగరమువైపు రామతీర్థములో బోడికొండ యున్నది. చెట్టుచేమ లేని ఆ రాతిగుండును చూచినవాడు గొరిగించుకొన్న తలను తలచుకొనక మానడు. పేరు పెట్టుటలో మనవారి హాస్యమును ఎన్నడును తక్కువగా అంచనా వేయరాదు.

పురాణములు పోలికతో తృప్తిపడక కొండను నిక్కముగా మనుష్యుని చేసినవి. మేరువునకు భద్రుడు, రత్నాకరుడు అను కుమారులు. తపస్సు ఫలించి భద్రుడు భద్రాచలమును, రత్నాకరుడు అన్నవరమున రత్నగిరియు నైరి. రాముడు భద్రుని తలపై నిలుతునని మాట యిచ్చెనని కథ. కీలుడను యక్షుడు అమ్మవారు తనమీద కొలువుండవలెనని కోరి కొండయై నిలువగా బెజవాడ ఇంద్రకీలాద్రి ఏర్పడినది. గోదావరిమీద ఎగువనుండి వచ్చువానికి మొదట భద్రుని శిరస్సు, ఆ దిగువ పాపిడి ఎదురగుట ఎవరును పూనుకొని కూర్చినది కాదు. ఐనను ఎంతటి శిల్పియు ఇంతకంటె పొందికగా అమర్చలేడు.

అన్నిటిలోను నాకు మిక్కిలి ఇష్టమైనది తిరుమల కాలిబాటలోని మోకాళ్ళ పర్వతము. ఇది చూచి పెట్టిన పేరు కాదు, ఎక్కి పెట్టిన పేరు. అలిపిరినుండి బయలుదేరి, మెట్టుమెట్టునకు పసుపుకుంకుమలు దిద్దుకొనుచు వచ్చు ఆడువారిని, చంకన పిల్లలతో నడచు తండ్రులను చూచుచు చాలదూరము పోయిన పిదప, నిట్టనిలువు మెట్లు ఎదురగును; అక్కడ అడుగు ఎత్తినచో మోకాలు రొమ్మునకు తాకునంత పని యగును. ఆ వేంకటాచలము సాక్షాత్తు ఆదిశేషుడే గనుక పాదము మోపరాదని భగవద్రామానుజులు ఆ చోటును మోకాళ్ళతోనే ఎక్కిరని పెద్దలు చెప్పుదురు. నేటికిని మ్రొక్కు ఉన్నవారు ఒక్కొక్క మెట్టుమీద మోకాలూని, అరచేతులు ఆనించి, కొంగు నడుమున దోపుకొని ఎక్కుచుందురు. బాట మొదట తలయేరుగుండు అను రాతికి తలయు మోకాళ్ళును తాకించి, నొప్పులు లేకుండ కొండ చేర్చుమని వేడుకొని బయలుదేరుటయు ఆచారమే. మోకాళ్ళు కొండవి కావు, ఎక్కువానివి. ఐనను పేరు కొండకు చెందినది.

పేరు ఎవడు ఎక్కడ నిలిచి పెట్టెనో ఆ చోటును విడదీసినచో పేరు గ్రుడ్డిదగునని ఇంతకంటె తేటగా తెలిసినవాడు కాళిదాసు. మేఘసందేశములో పండిన మామిళ్ళతో పచ్చబడిన ఆమ్రకూటముమీద నల్లని మేఘము వ్రాలినప్పుడు ఆ శిఖరము భూదేవి పాలిండువలె నుండునని వర్ణించుచు, ఆ దృశ్యమును చూడదగినవారు ఆకాశమున సంచరించు దేవదంపతులని కూడ చెప్పినాడు. క్రిందినుండి చూచినవానికి ఆ పోలిక కుదరదని ఆయన ఎరుగును. మెక్సికోలో ఇస్తాక్సివాత్ల్ అను మంచుకొండను నిద్రించు స్త్రీగా చూచు జనులును, థాయిలాండులో నిద్రించు స్త్రీ యను పేరుగల కొండవరుసను చూచు చియాంగ్ రాయ్ వారును అట్లే ఒక దిక్కున నిలిచి చూచినవారే. 2018లో పండ్రెండుగురు పిల్లలును వారి శిక్షకుడును చిక్కుపడిన గుహ ఆ రెండవ కొండలోనిదే.

ఇప్పుడు బాకీల మాట. 1847లో ఆరంభించి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరము ఆనకట్టకు కాటన్ దొర రాయి తెప్పించినది ధవళేశ్వరము కొండనుండియే. 1852, 1855 సంవత్సరముల నడుమ కెప్టెన్ ఓర్ నిర్మించిన బెజవాడ ఆనకట్టకు ఇరుగట్టుల కొండలును రాతినిచ్చినవి. ఆ దొర పేరు మోసిన కొండయే నేటి గాంధీకొండ. మా కలిదిండి చేలకు వచ్చినది ఆ బెజవాడ నీరే; 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిదపను అదే. కృష్ణలో నీరు చాలని కాలమున, 2015నుండి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీటిని పోలవరము కుడికాలువలో పోసి కృష్ణకు మళ్ళించుచున్నారు. అనగా పాపిడినుండి జారిన నీరు బెజవాడ చుట్టి శివారు భూములమైన మా కాలువలకు చేరుచున్నది. మా చెరువుల గట్లమీద టిప్పరు వచ్చి ఎర్రగ్రావెలు కుమ్మరించినప్పుడు దగ్గరకుపోయి చూచితిరా? మెట్టనేలల గుట్టలను తవ్వి తెచ్చిన ఆ మట్టిలో తేనెపట్టువలె తూట్లుపడిన ఎర్రరాళ్ళు, అక్కడక్కడ తెల్లని పలుగురాళ్ళు ఉండును. మా పిల్లలు ఆ పలుగురాళ్ళను ఏరి కడిగి అచ్చనగాయలాడుదురు. కొండను ఎరుగని మా ఊరికి కొండ ఈ విధముగా, పిడికెడు పిడికెడుగా వచ్చుచున్నది. ఏ గుట్టనుండి వచ్చెనో, దానికి తవ్వకముందు ఏమి పేరుండెనో టిప్పరు డ్రైవరు చెప్పలేడు. లీజు కాగితములో సర్వే నంబరు మాత్రమే యుండును.

ఇట్టి గతి పాపికొండలకు పట్టదు, నిజమే. 2008లో అవి జాతీయోద్యానమైనవి, వానిని తవ్వి అమ్మువారు లేరు. వానికి రానున్నది వేరొకటి. పోలవరము జలాశయము పూర్తిగా నిండినప్పుడు నీటిమట్టము 45.72 మీటర్లు, పాతలెక్కలో 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్లు. 194 టీఎంసీలకు పైబడిన ఆ నీరు వెనుకకు తన్ని కొండల నడుమ నిలిచినప్పుడు శిఖరములు మునుగవు. మునుగునవి పాదములు, ఇసుకతిన్నెలు, రేవులు, ఊళ్ళు. లక్షకు పైబడిన కుటుంబములు, అందులో పెక్కుమంది కొండరెడ్లు, కోయలు, తరతరముల తావులు విడిచి పునరావాస కాలనీలకు పోవలసియున్నది; పోయినవారు ఇప్పటికే కలరు. గీతగా నున్న నది అప్పుడు వెడల్పగును. పాపిడి అనుమాటకు సన్నదనమే ప్రాణము గనుక, పేరు బోర్డులమీద మిగిలినను పోలిక నీళ్ళపాలగును.

నేను ప్రాజెక్టును నిరసించువాడను కాను. శివారు ఆయకట్టున పుట్టి, కాలువకు నీరు ఎప్పుడు వదలుదురా యని జూన్ నెల యంతయు లాకులవైపు చూచినవాడు ఆ మాట అనజాలడు. అట్లని నీటిని త్రాగువారమైన మేము ఆ నీటికై మరుగుపడు వానిని గూర్చి నోరెత్తకుండుట న్యాయము కాదు. ఇండ్లకు, చెట్లకు, భూములకు పరిహారపు పట్టికలు వ్రాసిరి. ఆ పట్టికలలోని అన్యాయములను గూర్చి వ్రాయగలవారు నాకంటె సమర్థులు కలరు. పేర్లకు పట్టిక మాత్రము వ్రాసినట్లు నాకు కనబడలేదు. పాపిడి అనునది ఒక్కటే లోకమునకు తెలిసిన పేరు. దాని చుట్టును ప్రతి మలుపునకు, ప్రతి బండకు, ప్రతి సుడిగుండమునకు, పేరంటపల్లివంటి ప్రతి రేవునకు ఎగువదిగువల ప్రతి వాగునకు అక్కడివారి నోట పేర్లుండును. కొండనెత్తి, కొండనడుము, కొండమెడ యని వారు పలుకు మాటలలో మనము భావుకత్వము వెదకుదుము గాని, వారికవి త్రోవ చెప్పుకొనుటకు పనికివచ్చు ఆనవాళ్ళు.

ఆనవాలు తప్పినచో ఏమగునో 2019 సెప్టెంబరు 15న చూచితిమి. దేవీపట్నము దాటి పాపికొండలకు పోవుచున్న పర్యాటకుల బోటు వరదలో కచ్చులూరువద్ద మునిగి పదులకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఆ చోటు కచ్చులూరు మందము. అక్కడ నీరు తిరుగు తీరు గట్టువాసులు ఎరిగినదే. బోటును నెల దాటిన పిదప గాని వెలికి తీయలేకపోయిరి. ప్రమాదమునకు కారణములు పెక్కు. వాని విచారణ నా పని కాదు. నదిలో ఒక చోటికి పేరు పెట్టి మనుమనికి నేర్పిన తాత, ఆ పేరుతోపాటు అక్కడ తెడ్డు ఎట్లు పట్టవలెనో కూడ నేర్పును.

పోలిక చెదిరిపోయినను చూపును నిలుపుకొనవచ్చునని అమెరికావారు చేసిచూపిన ఉదాహరణము ఒకటి కలదు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రములో కానన్ పర్వతము అంచున ఐదు గ్రానైటు చరియలు ఒకదానిపై ఒకటి చేరి, ప్రక్కనుండి చూచినవానికి ముదుసలి ముఖమువలె కనబడెడివి. నుదురు, ముక్కు, గడ్డము స్పష్టముగా తెలియుచు, సుమారు 40 అడుగుల పొడవుగల ఆ ముఖము రాష్ట్రచిహ్నమై, నాణెమునకును ఎక్కినది. మంచు కరగి గడ్డకట్టుటవలన పగుళ్ళు పెరుగుచుండగా ఇనుపకడ్డీలతో, గొలుసులతో, సిమెంటుతో దానిని దశాబ్దములు కట్టి నిలిపిరి, నిలువలేదు. 2003 మే 3న అది కూలిపోయినది. జనులు పూలు తెచ్చి అక్కడ ఉంచిరట! కొత్త ముఖమును చెక్కింతమన్నవారి మాటను అక్కడివారు అంగీకరింపక, సరస్సు ఒడ్డున ఉక్కుకడ్డీలు నాటి, నేలమీద చూచువారి ఎత్తును బట్టి అడుగులు మోపవలసిన చోట్లు గుర్తించిరి. ఆ గుర్తుమీద నిలిచి ఒక కన్ను మూసి చూచినచో, కడ్డీ కొననున్న ఆకృతి కొండ అంచుతో కలిసి, లేని ముఖము ఉన్నట్లే కనబడును. బోస్టను ప్రాంతమున స్థిరపడిన మన పిల్లలు శరదృతువులో ఆకుల రంగులు చూడబోయి ఆ చోట ఫొటోలు తీసికొని పంపుచుందురు. ఆ కడ్డీల తంతును ఎవరైన గమనించిరో లేదో.

ఉక్కుకడ్డీలు నాటుమని నేను కోరుట లేదు. మనకు పర్యాటకశాఖ బోర్డులన్న మక్కువ ఎక్కువ. కడ్డీలకు అనుమతి యిచ్చినచో వానిచుట్టు సిమెంటు బల్లలు, రంగుదీపములు, సెల్ఫీ పాయింటు వెలయుట తథ్యము. నేను కోరునది ఒక పుస్తకము. కూనవరమునుండి పోలవరమువరకు నదికి రెండువైపులనున్న కొండలు, చరియలు, బండలు, రేవులు, సుడులు, వాగులు, వీని పేర్లను కొండరెడ్ల, కోయల నోట విని, వారి పలుకుబడిలోనే తెలుగులిపిలో వ్రాయవలెను. ప్రతి పేరు ఎదుట చెప్పినవారి ఊరును, ఆ పోలిక కనబడుటకు నిలువవలసిన చోటును నమోదు చేయవలెను. ఏ రేవునుండి, ఏ మలుపునుండి, నీరు ఎంత యున్నప్పుడు అనునది లేకపోయినచో ఆ పుస్తకము వట్టి పేర్లచిట్టా యగును. విశ్వవిద్యాలయముల వారు భాషను వ్రాసికొనగలరు, అటవీశాఖవారు దారి చూపగలరు. ఐనను ముందు నడువవలసినవారు పాత సరంగులు, నాటుపడవల వారు, ఇప్పుడు కాలనీలలో పనిలేక కూర్చున్న ముదుసళ్ళు. వారికి దినభత్యము చెల్లించి, పడవ ఎక్కించి, వేసవిలో నీరు సన్నగిలినప్పుడు తీసికొనిపోవలెను.

కొండలకు అవయవములను అంటగట్టుట ఊహాజనితమైన ఆట యనియు, రాతికి తల, పాపిడి, నోరు లేవనియు, ఇట్టివానికి సర్కారు సొమ్ము వెచ్చించుట దుబారా యనియు అనువారు ఉందురు. సర్కారు సొమ్ము అక్కరలేదు. పల్లపువారము మేము నీటితీరువా కట్టుదుము. మా ప్రాంతపు చేపల చెరువుల మీద వచ్చు ఆదాయము సామాన్యమైనది కాదని ప్రభుత్వమునకును తెలియును, మాకును తెలియును. ఒక్క ఏడాది మా నీటిసంఘములు, చేపల రైతుల సంఘములు కూడబలుకుకొని, ఎకరమునకు ఒక టీ ఖర్చు చొప్పున పోగుచేసినను పడవ బాడుగ, భత్యములు, అచ్చు ఖర్చు వెళ్ళి పైకము మిగులును. ఆ మిగిలినదానితో పుస్తకపు ప్రతులు కాలనీ బడులకు ఉచితముగా పంపవచ్చును. ఒక ప్రతి కలిదిండి గ్రంథాలయమునకును ఇప్పించినచో, మా చెరువులలోని నీరు ఏయే కొండలను ఒరసికొని వచ్చినదో ఇక్కడి పిల్లలును చదువుకొందురు.